ఇంటిలో వెలసిన నాదశాల: లెస్ పాల్, మేరీ ఫోర్డుల గిటారు సంగీతము

వాద్యకారుని గూర్చి వ్రాయునపుడు అతని వ్రేళ్ళను గూర్చి వ్రాయుట మన విమర్శకులకు పరిపాటి. వీణ ఏ పనసమ్రానుతో చేయబడినది, మెట్లను నిలిపిన మైనము ఎట్టిది, తంత్రి ఎంత సన్నము అను విషయములను వాద్యము చేసిన వడ్రంగికి వదలిపెట్టుట మర్యాదగా సాగుచున్నది. విద్యుద్గిటారు విషయమున ఈ మర్యాద చెల్లదు. అచ్చట తంత్రి పలికిన పలుకు తీగవెంట పోయి, ధ్వనిని మార్చు పెట్టెలలో దూరి, ప్రతిధ్వనిని తోడు తెచ్చుకొని, రికార్డింగు యంత్రమునుండి వెలువడిన పిమ్మటనే శ్రోత చెవిని చేరును. వ్రేళ్ళను మాత్రమే విమర్శించి ఊరకుండుట సగము పాటను విని లేచిపోవుట వంటిది.

నేడు ఇంటిలోని ఒక గదిలోనే గిటారు, ధ్వని పెట్టెలు, మైక్రోఫోను, కెమెరా అమర్చుకొని, తమ వాద్యమును తామే చిత్రించుకొను యువతీయువకులు బెంగుళూరులోను, చెన్నపట్టణములోను మన కుటుంబములందును కనబడుచున్నారు. వారిని చూచి పెద్దలు అడుగు ప్రశ్న యొకటి కలదు. “ఇందులో విద్య ఎంత? యంత్రమెంత?” ప్రశ్న సహజమైనదే. దీనికి సమాధానము వెదకుటకు, ఈ మార్గమును తొక్కిన తొలివారిలో ముఖ్యులైన అమెరికా దంపతులు లెస్ పాల్, మేరీ ఫోర్డుల కృషిని పరిశీలించుట మేలని మేము తలచుచున్నాము. వాద్యము, ధ్వనిమార్పు, ఇంటి రికార్డింగు, ఇంటి చిత్రము అను నాలుగును వారి జీవితమున ఒక్కచోట కలిసినవి.

లెస్ పాల్ 1915వ సంవత్సరమున విస్కాన్సిన్ రాష్ట్రమందలి వాకెషా పట్టణమున జన్మించెను. ఆయన యౌవనమునాటికే గిటారునకు విద్యుత్తు అమరినది. తంత్రి క్రింద అయస్కాంతమును, దానిచుట్టు సన్నని రాగితీగను ఉంచినచో, ఉక్కుతంత్రి కదలినపుడెల్ల ఆ తీగలో విద్యుత్ప్రవాహము పుట్టును. దానిని పెంచి వినిపించుట సులభము. కాని గిటారు బోలుగానున్నంతకాలము రెండు చిక్కులుండెను. స్పీకరునుండి వచ్చిన నాదము తిరిగి గిటారు పెట్టెను కదల్చి ఊళపెట్టించును. పైగా తంత్రి బలమును ఆ పెట్టెయే పీల్చుకొనుటచే స్వరము త్వరగా చచ్చిపోవును. తంత్రి పలుకుచునే యుండవలెను, చెక్క కదలకుండవలెను అనునది లెస్ పాల్ కోరిక.

1940 ప్రాంతమున న్యూయార్కులోని ఎపిఫోన్ వాద్యశాలలో, పనివారులేని ఆదివారములందు, ఆయన 4 అంగుళముల మందము, అంతే వెడల్పుగల పైను దుంగకు గిటారు మెడను తగిలించి తంత్రులు బిగించెను. దానికి “లాగ్”, అనగా దుంగ, అనియే పేరు. స్వరము నిలిచినది. కాని దుంగను చేతబట్టి కూర్చున్న మనిషిని జనులు ఆదరింపలేదు. అంతట ఆయన ఒక మామూలు గిటారు పెట్టెను రెండుగా కోసి, ఆ చెక్కలను దుంగకు ఇరుప్రక్కల రెక్కలవలె అతికించెను. నాదములో చెప్పుకొనదగిన మార్పు లేదు. కంటికి మాత్రము గిటారు వచ్చినది. అప్పుడు జనులు మెచ్చిరి. ఈ చిన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. శ్రోత చెవితోపాటు కంటితోను వినును. ఈ సత్యము లెస్ పాలునకు ముందుగనే బోధపడినది; ఆయన తరువాతి విజయములకును, మేము ఆక్షేపింపబోవు లోపమునకును ఇదియే మూలము.

ఘనశరీరము గల గిటారు ఆయన ఒక్కని సృష్టి యనుట సరికాదు. లియో ఫెండర్ 1950 నాటికే అట్టి గిటారును అమ్మకమునకు తెచ్చెను. 1952లో గిబ్సన్ సంస్థ లెస్ పాల్ పేరిట వెలువరించిన గిటారులోను ఆ సంస్థ శిల్పుల పాలు చాలగలదు. పేరు ఒకరిది, పని పలువురిది.

వాద్యము సరే, రికార్డింగు సంగతి యేమి? హాలీవుడ్డులోని తన ఇంటి మోటారు షెడ్డును లెస్ పాల్ నాదశాలగా మార్చుకొనెను. అప్పటికింకను టేపు ఆయనకు చేరలేదు. ఒక పళ్ళెముపై గిటారు వాయించి, ఆ పళ్ళెమును వినుచు దానితో కలిపి మరియొక పాలు వాయించి, రెంటిని రెండవ పళ్ళెముపై చెక్కును. ఈ విధముగా ఎనిమిది గిటారు పాళ్ళను ఒక్కడే వాయించి కూర్చిన “లవర్” అను రికార్డును కాపిటల్ సంస్థ 1948లో విడుదల చేసెను. అందు కొన్ని పాళ్ళు యంత్రము సగము వేగమున తిరుగుచుండగా వాయించినవి. పూర్ణవేగముతో తిప్పినపుడు వాని స్వరము ఒక స్థాయి పైకెక్కును, నడక ఇబ్బడించును. ఆ యేడాది జనవరిలోనే ఓక్లహోమాలో జరిగిన కారు ప్రమాదమున ఆయన కుడి మోచేయి నుగ్గయ్యెను. చేయి ఇక వంగదని తెలిసినపుడు, గిటారు వాయించుటకు వీలగు కోణమున దానిని నిలిపి అతుకుమని వైద్యులను కోరెను. అట్లే అతికిరి.

1949లో గాయకుడు బింగ్ క్రాస్బీ ఆయనకు ఆంపెక్స్ టేపు యంత్రమునొకదానిని ఇచ్చెను. లెస్ పాల్ దానికి అదనముగా ఒక శ్రవణశిరస్సును, అనగా టేపుపైనున్న ధ్వనిని చదువు భాగమును, అమర్చుకొనెను. టేపుపైనున్న పాత వాద్యము ముందుగా దానిక్రింద పోవును. వాద్యకారుడు దానిని వినుచు క్రొత్త పాలు వాయించును. రెండును కలిసి మరల ఆ టేపుపైననే అచ్చుపడును. పాతది చెరిగిపోవును. పదవ పాలులో వ్రేలు తప్పినచో మొదటి తొమ్మిదియు నష్టమే. మరియొక కష్టము కూడ కలదు. ఎన్నిమారులు మరల అచ్చుపడిన, అన్నిమారులు మొదటి ధ్వని మసకబారును, బుసబుసలు పెరుగును. కావున అప్రధానమైన పాళ్ళను ముందుగా వాయించి, ముఖ్యమైన గానమును చిట్టచివరకు ఉంచుకొనవలెను. హరికథలో వెనుకపాట పాడువారు ముందుగా తమ పాట ముగించిపోగా, కథకుడు పిమ్మట వచ్చి, వారు విడిచిన ఖాళీలలో తన కథను ఇముడ్చవలసివచ్చినచో ఎట్లుండునో ఊహింపుడు. పాట యావత్తు ముందే మనసులో కూర్చుకొననివాడు ఈ పనిని ప్రారంభింపనైనను లేడు. యంత్రము పనిని తేలిక చేసినదనువారు ఈ క్రమమును గమనింపవలెను.

ప్రతిధ్వని రహస్యమును ఇట్టిదే. టేపు సెకనుకు 15 అంగుళములు నడచుచు, అచ్చువేయు శిరస్సునకును చదువు శిరస్సునకును నడుమ అంగుళమున్నర దూరమున్నచో, ప్రతి స్వరము సెకనులో పదియవ వంతు ఆలస్యముగా మరల వినబడును. దూరమును మార్చిన ఆలస్యము మారును. నేటి గిటారు వాద్యకారుడు పాదముక్రింద నొక్కు చిన్న పెట్టెలోని ప్రతిధ్వనికి వెనుక ఈ అంగుళముల లెక్కయే నిలిచియున్నది.

ఇక గుణదోష విచారణ. “లవర్” మొదటిమారు వినువానికి విభ్రమము కలిగించును. చిలుకల గుంపు ఒక్కసారి లేచినట్లు గిటారు స్వరములు పై స్థాయిలో పరుగెత్తును. మానవహస్తమునకు అది సాధ్యమా యనిపించును. కాని మరల మరల వినుకొలది పాట వెనుకబడి ఉపాయము ముందునకు వచ్చుచున్నదని మా అభిప్రాయము. సగము వేగమున వాయించుట ఏ భావమునకు కావలసివచ్చినదని అడిగినచో, ఆ రికార్డు సమాధానమీయదు. చేయవచ్చును గనుక చేసెను.

1951నాటి “హౌ హై ది మూన్” అట్టిది కాదు. 1940లో న్యూయార్కు నాటకరంగమునకై పుట్టిన ఈ పాటను దంపతులిద్దరు ఆ నగరమందలి జాక్సన్ హైట్స్ పేటలోని తమ నివాసమున రికార్డు చేసిరి. బిల్‌బోర్డు పట్టికలో ఇది తొమ్మిది వారములు ప్రథమస్థానమున నిలిచెను. ఇందు ప్రతిధ్వని అలంకారము కాదు, లయలో భాగము. గిటారు ఒక దెబ్బ కొట్టును, దాని నీడ రెండవ దెబ్బయగును. ఆ రెంటి నడుమనుండి పాటకు ఉరుకు వచ్చును. ప్రతిధ్వనిని తీసివేసినచో నడక కుంటువడును. ఉపకరణము సార్థకమైనదనుటకు మేమెరిగిన పరీక్ష ఇదియే. తీసివేసినపుడు లోటు తెలియవలెను. ఏ లోటును కనబడనిచో ఆ పెట్టె అక్కడ ఉండనక్కరలేదు.

ఈ పాటను గూర్చి వ్రాసినవారిలో పెక్కురు యంత్రములనే లెక్కించి ముగించుట మాకు న్యాయముగా తోచదు. 1924లో ఐరిస్ కొలీన్ సమ్మర్స్ పేర జన్మించిన మేరీ ఫోర్డు అందు తన కంఠమునకు తానే తోడు పాడినది. ఒక గొంతునే పలు శ్రుతులలో పేర్చునపుడు, ప్రతి మారును మాట ఆరంభించు క్షణము, విరుచు క్షణము, ఊపిరి తీయు చోటు ఒక్కటిగనే యుండవలెను. వెంట్రుకవాసి తేడా వచ్చినను పాట పీచుపీచుగా విడిపోవును. పైగా ఆమె మైక్రోఫోనునకు మిక్కిలి చేరువగా, దాదాపు చెవిలో చెప్పినట్లు, పాడెను. ఆ సామీప్యమున చిన్న తప్పునకును దాగుటకు చోటులేదు. టేపు ఒక గొంతును పదిగా చేయగలదు గాని, పదిమారులు ఒకే తావున ఊపిరి తీయు నేర్పును ఈయజాలదు. గిటారుకు భర్త పేరున్నది, రికార్డింగు చరిత్రలో భర్త పేరున్నది. ఆమె పేరిట ఏ పెట్టెయు వెలయలేదు. 1964లో వారు విడిపోయిరి. 1977లో ఆమె మరణించెను. ఉపకరణముల జాబితాయే విమర్శయైనచో, జాబితాకెక్కని విద్య ఈ విధముగా మరుగున పడును.

చిత్రముల విషయమునకు వత్తము. 1953లో “లెస్ పాల్, మేరీ ఫోర్డు ఎట్ హోమ్” అను టెలివిజను కార్యక్రమము మొదలయ్యెను. ఒక్కొక్కటి ఐదు నిమిషములది. న్యూజెర్సీ రాష్ట్రమందలి మావా గ్రామములోని వారి స్వగృహమే రంగస్థలము. చూచువారికి కనబడునది ఇద్దరు మనుష్యులు, గిటారులు. వినబడునది ఒక బృందము. ఈ వింతకు కారణము చెప్పుటకు వారు అంతకుముందే, 1950నాటి రేడియో ప్రసంగములలో, “లెస్ పాల్వరైజర్” అను ఒక మాయాయంత్రమును కల్పించిరి. ఒక్కటి దానిలో పెట్టిన పలువురై వచ్చునని హాస్యము. తరువాతి కాలమున లెస్ పాల్ నిజముగనే గిటారునకు ఒక చిన్న పెట్టె తగిలించి, వేదికపైనుండియే టేపు యంత్రమును నడపెను. అబద్ధమును నిజముచేసిన చమత్కారమిది!

హాస్యమును మేము తప్పుపట్టము. కాని ఆ చిత్రములలో చూపిన ఇల్లు చావడి మాత్రమే. పాట పుట్టిన ఇల్లు అది కాదు. టేపు ఎక్కించు చేతులు, తప్పిపోయి మొదటికి వచ్చిన రాత్రులు, మరల మరల ఊపిరి సరిచూచుకొను గాయని అందు కానరారు. దుంగకు రెక్కలు అతికించిన చేయియే ఇచ్చట శ్రమకు చిరునవ్వును అతికించినది. ఈ సంగీతము అనాయాసముగా వచ్చునను భ్రమ లోకమున వ్యాపించుటకు ఆ చిత్రములును కొంత కారణమని మేము భావించుచున్నాము. “యంత్రమే వాయించును” అను నేటి నిందకు బీజము అక్కడ కలదు.

మన తెలుగువారి చరిత్రలో దీనికి సాటియైన ఉదాహరణ మాండొలిన్ శ్రీనివాసునిది. 1969లో పాలకొల్లున పుట్టి, చెన్నపట్టణమున స్థిరపడి, 2014లో చిన్నవయస్సుననే అస్తమించిన ఆ విద్వాంసుడు ఎనిమిది తంత్రుల మాండొలినును అట్లే ఉంచుకొనలేదు. జంట తంత్రులను విడిచి ఒంటి తంత్రులను, ఐదింటిని, బిగించి విద్యుత్తును జోడించెను. ఏలననగా జంట తంత్రుల మాండొలినుపై స్వరము మీటినంతనే ఆరిపోవును. తోడి, భైరవి వంటి రాగముల గమకములు ఆరిపోవు స్వరముపై నిలువవు. రాగము అడిగినది, వాద్యము మారినది. ఆయన కచేరీ వినినవాడు అందు యంత్రమెంత అని అడిగియుండడు. లెస్ పాల్ దుంగను బిగించినదియు నిలిచియుండు స్వరము కొరకే. దారులు వేరైనను ఇద్దరి అవసరము ఒక్కటే.

కావున పెద్దల ప్రశ్నను కొంచెము మార్చవలెనని మా మనవి. విద్య ఎంత, యంత్రమెంత అని తూకము వేయుటకు బదులు, ఈ పెట్టె ఏ లోటు తీర్చుటకు వచ్చినది, దీనిని నడపిన చేయి ఎవరిది, చిత్రము ఆ చేతిని చూపుచున్నదా దాచుచున్నదా అని అడుగవలెను. లెస్ పాల్ వార్ధక్యమున కీళ్ళవాతము వ్రేళ్ళను బిగించివేసినను, 2009లో 94 సంవత్సరముల వయస్సున మరణించు యేటి వరకు న్యూయార్కులోని ఇరిడియం అను క్లబ్బులో సోమవారపు రాత్రులందు వాయించుచునే యుండెను. పూర్వపు వేగము పోయినది. ఏ స్వరమును ఎచ్చట ఉంచవలెనను వివేకము పోలేదు. జనులు దానిని వినుటకే వచ్చిరి.

మన సంఘముల వార్షికోత్సవములలో ఇంట చిత్రించిన వాద్యములను ప్రదర్శించు అవకాశము వచ్చినపుడు, కార్యకర్తలు ఒక చిన్న నియమమును పాటింతురుగాక. వాయించినవారి పేరుతోపాటు, పాడినవారు, ధ్వనిని కూర్చినవారు, కెమెరా పట్టినవారు, వీరందరి పేర్లను కార్యక్రమ పత్రమున అచ్చువేయింపుడు. మేరీ ఫోర్డునకు జరిగినది మన బిడ్డలలో ఎవరికిని జరుగకుండవలెను.