హాల్‌టికెట్ నెంబరు దాటాక

రాతపరీక్షలో మనకు పేరుండదు. నెంబరే వుంటుంది. ఇంటర్వ్యూ గదిలో అడుగు పెట్టగానే పేరొస్తుంది, గడ్డమొస్తుంది, బురఖా వస్తుంది. "తెలుగు బాగానే మాట్లాడతావే!" అని ఒక మెచ్చుకోలు. కదిరి, గుత్తి, పెనుకొండ సాయిబులు తరతరాలుగా తెలుగులోనే బేరమాడుతున్నారని, వాన రాకపోతే తెలుగులోనే మొగులును తిడుతున్నారని ఆ పెద్దమనుషులకు ఎవరు చెప్పాలి? దూదేకులవాళ్ళది ఇంకో తిప్పలు. బీసీ-బీ సర్టిఫికెట్ బల్లమీదే వుంటుంది. అయినా "ఇంతకూ మీరు ముస్లిములేనా?" అంటారు. ఏ జవాబు చెబితే ఎన్ని మార్కులు?

ఇదంతా అనుమానమేనంటారు మెరిట్ వాదులు. 1980 నాటి అజయ్ హాసియా తీర్పు చదవమనండి. శ్రీనగర్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రవేశాల్లో రాతపరీక్షకు 100, ఇంటర్వ్యూకి 50 మార్కులు. ఒక్కొక్కరితో మాట్లాడింది రెండు మూడు నిమిషాలు. అదీ అమ్మానాన్నల గురించి, ఊరి గురించి! సుప్రీంకోర్టు తప్పుపట్టింది, ఇంటర్వ్యూకి 15 శాతం దాటొద్దంది. మంచి తీర్పే. కానీ ఒకటి రెండు మార్కుల్లో సీటు చేజారే చోట 15 శాతం తక్కువా? పక్షపాతానికీ ఒక కోటా దొరికింది.

ప్రైవేటులో అయితే ఆ గదిదాకా పోవడమే కష్టం. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ ఒకే చదువుతో వేర్వేరు పేర్ల దరఖాస్తులు కంపెనీలకు పంపి చూశారు. 2007లో ఫలితాలు అచ్చేశారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకు పిలుపొచ్చే అవకాశపు నిష్పత్తి 0.33. దళిత పేరుకు 0.67.

ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదను తప్పి పడే కరువు సీమ మాది. ఇక్కడ ఉద్యోగమంటే సేద్యం మీది అప్పు తీరే దారి. అందుకే 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్వీస్ కమిషన్ ఇంటర్వ్యూలు ఎత్తేసినప్పుడు మనవాళ్ళు కొంచెం వూపిరి పీల్చుకోవాల్సింది. 2022 గ్రూప్-1 నోటిఫికేషన్‌లో అవి మళ్ళీ వచ్చాయి, 825లో 75 మార్కులకు.

బోర్డులన్నీ చెడ్డవని కాదు. అసలు బాధ వేరు. రాతపరీక్షలో తప్పితే ఏ పేపర్లో తక్కువొచ్చిందో చూసుకుని మళ్ళీ చదువుతాడు కుర్రాడు. ఇంటర్వ్యూలో తప్పితే జవాబు తప్పా, పేరు తప్పా? అది తెలీక ఏళ్ళు గడిపేస్తాడు. ఆ అనుమానం తీర్చే పూచీ అతనిదెట్లా అవుతుంది? మార్కులు వేసినవాళ్ళది గదా!

ఇంటర్వ్యూలను టేప్ చేస్తే మంచిదని అజయ్ హాసియా తీర్పే సలహా ఇచ్చింది. అప్పట్లో టేప్‌రికార్డరంటే ఖరీదన్నా అనుకోవచ్చు. ఇప్పుడు ప్రతి జేబులోనూ రికార్డరుంది. ఆ రికార్డూ, ఏ సభ్యుడు ఎన్ని మార్కులు వేశాడో ఆ లెక్కా, అభ్యర్థి చేతిలో పెట్టమని అడుగుదాం.