కవితకి ఒక పెట్టె

వర్డ్‌ప్రెస్ వాళ్ల సైటు అడుగున ఒక నినాదం కనిపిస్తుంది: కోడ్ ఈజ్ పొయెట్రీ. పగలంతా కోడ్ రాసి బతికేవాడిగా నాకీ పొగడ్త బానే ఉంటుంది. సొంత సైటు నడుపుకునేవాడిగా మాత్రం ప్రశ్న తిరగేసి అడగాలనిపిస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్ కవితని ఏమనుకుంటోంది? మన రాతని అచ్చుకి సిద్ధం చేసేది ఇదే కాబట్టి, ఒక సంపాదకుడి పనిని తూచినట్టే దీని పనినీ తూచొచ్చు.

2003లో, బీ2 అనే ప్రోగ్రాము పని ఆగిపోతే, మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ దాని కోడ్ తీసుకుని వర్డ్‌ప్రెస్ మొదలుపెట్టారు. ఆ తర్వాత పదిహేనేళ్లు ఎడిటర్ అంటే ఒక తెల్లకాగితం. చూపించే ముందు ఒక చిన్న ఫంక్షన్ మన ఎంటర్లని చదివేది: ఖాళీ లైనుంటే కొత్త పేరా, లేకపోతే లైను విరుపు. కవితకి పాదాలు దక్కేవి. పాదం ముందు వదిలిన జాగా మాత్రం దక్కేది కాదు. ఎన్ని స్పేసులు కొట్టినా బ్రౌజర్ ఒక్కటిగా కుదించేస్తుంది. మెట్లుమెట్లుగా దిగే వచన కవిత ఎడమ గోడకి అతుక్కుపోయేది.

2018 డిసెంబరులో 5.0 వచ్చింది. అందులోని కొత్త ఎడిటర్ పేరు గుటెన్‌బర్గ్. ఇక్కడ ప్రతి పేరా ఒక బ్లాకు. కవితకి 'వెర్స్' అని వేరే బ్లాకు ఉంది, అందులో స్పేసులు చెక్కుచెదరవు. ఇది నిజంగా మేలే. కాకపోతే రాసేవాడు ముందే చెప్పాలి: నేను రాయబోయేది కవిత అని. పాత పోస్టుని బ్లాకుల్లోకి మార్చమంటే, అందులో కవిత ఉన్నా అది పేరాగానే మారుతుంది.

ఇది మనకి కొత్తేం కాదు. మన చంపూకావ్యాలు అచ్చువేసేటప్పుడు పద్యం ముందు 'క.', 'ఉ.', వచనం ముందు 'వ.' అని గుర్తు పెడతాం. అవీ ఒకరకం బ్లాకులే. తేడా ఏమిటంటే, కందం కందమేనని ఛందస్సు సాక్ష్యం చెబుతుంది. వచన కవితకి అలాంటి సాక్షి లేదు. కథలా మొదలై మధ్యలో కవితగా మారే రచన ఏ పెట్టెలోకి వెళ్లాలి? ఆ సందేహమే దాని బలమైనప్పుడు, మెనూలోంచి పేరు ఎంచుకోమనడం నాకు నచ్చదు.

అయినా ఒక విషయంలో గుటెన్‌బర్గ్‌ని మెచ్చుకోవాలి. బ్లాకు గుర్తులన్నీ బ్రౌజర్ పట్టించుకోని వ్యాఖ్యలుగా రాతలోనే ఉంటాయి. రేపు వర్డ్‌ప్రెస్ వదిలేసినా వాక్యాలు చదవగలిగేలాగే మిగులుతాయి.

మెచ్చుకోలేనిది చిరునామా. పోస్టు పేరు దాచే గడి పొడవు 200. లింకులోకి వెళ్లేసరికి ఒక్కో తెలుగు గుర్తు 9 జాగాలు తింటుంది. 'శ్రీ'లో శ, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిపి నాలుగు గుర్తులు, అంటే 36. ఇంగ్లీషు శీర్షిక హాయిగా పట్టే చోట మన శీర్షిక సగంలో తెగిపోతుంది. ఎవరూ కావాలని చేసింది కాదు. తెలుగులో రాసేవాళ్లు ఆ గడి కొలత నిర్ణయించే చోట లేరు, అంతే.

అప్‌గ్రేడ్ మానేస్తే పోలేదా అంటే, పోదు. పాత వెర్షన్లలో భద్రతా లోపాలు పోగవుతాయి, సర్వర్లో పీహెచ్‌పీ మారితే ఒకరోజు పేజీయే తెరుచుకోదు. కానీ ఓపెన్ సోర్స్‌లో ఒప్పుకోకపోవడానికీ దారుంది. పాత ఎడిటర్ కావాలన్నవాళ్లకి క్లాసిక్ ఎడిటర్ ప్లగిన్ ఇచ్చారు. అదీ చాలదన్నవాళ్లు 2018లోనే క్లాసిక్‌ప్రెస్‌గా విడిపోయారు, వర్డ్‌ప్రెస్ బీ2లోంచి పుట్టినట్టే. నేను గుటెన్‌బర్గ్‌తోనే ఉన్నాను. డేటాబేసు, ఫైళ్లు బ్యాకప్ తీసి, నకలు సైటులో కొత్త వెర్షన్ వేసి, ముందుగా కవితల పేజీలే తెరుస్తాను. వచనం ఎలాగోలా బతుకుతుంది. ఏ వెర్షన్ ఏం తీసుకుపోయిందో కవితలో ముందు తెలుస్తుంది.