ఈ వారం చీపురు ఎవరిది?

శనివారం మధ్యాహ్నం దాటితే చాలు, మా వీధిలో చీపుళ్ల చప్పుడు మొదలవుతుంది. నేనిప్పుడు ఉంటున్నది జర్మనీ దక్షిణాన, బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రంలో. ఉల్మ్ పట్నానికి పడమటి దిక్కున ష్వేబిషె ఆల్బ్ అనే సున్నపురాతి గుట్టలున్నాయి. ఆ గుట్టల మీది పల్లెటూళ్లలో మాదొకటి. ఇంటి ముందు కాలిబాట, మెట్లు, మోరీ అంచు, చెత్తడబ్బాలు నిలబెట్టే మూల, అన్నీ పొద్దుగూకేలోపు ఊడ్చేయాలి. తెల్లారితే ఆదివారం. ఆదివారం విశ్రాంతి దినమని ఈ దేశం రాజ్యాంగంలోనే రాసుకుంది. దుకాణాలు తెరవరు, గడ్డి కోసే మిషన్ బయటికి తీయరు, ఖాళీ సీసాలు గాజు చెత్త వేసే డబ్బాలో పడేసినా చప్పుడైందని పక్కింటివాళ్లు వచ్చి చెబుతారు.

ఈ ఊడ్చే ఆచారానికి ఇక్కడి పేరు కేర్‌వోహె. మా ఇంట్లో నాలుగు కాపురాలు. ఒకాయన రిటైరైన హెడ్మాస్టరు, ఒకామె ఆసుపత్రిలో నర్సు, ఇంకొకాయన లారీ నడుపుతాడు, మిగిలింది మేము. అరచేతి వెడల్పున్న ఒక చెక్కపలక ఉంటుంది. వారం ముగిశాక, ఊడ్చినవాళ్లు దాన్ని పక్కవాళ్ల తలుపు పిడికి తగిలిస్తారు. తలుపు కొట్టరు, గుర్తు చేయరు. పొద్దున తలుపు తీస్తే పలక ఊగుతూ కనబడుతుంది. ఇక ఆ వారం చీపురు మీదే. ఇందులో రెండు రకాలు. చిన్న కేర్‌వోహె అంటే మన అంతస్తు, మన మెట్లు. పెద్దదంటే అందరూ నడిచే చోటు: కాలిబాట, వాకిలి, నేలమాళిగ.

ఇది నిన్నమొన్న పుట్టింది కాదు. 1492 నాటి స్టుట్‌గార్ట్ నగర చట్టంలోనే ఎవరింటి పేడ వాళ్లు వారం వారం బయటికి తోలాలని ఉంది. 1714లో వీధులు శుభ్రం చేసుకోవాలని ప్రత్యేకంగా ఉత్తర్వు వచ్చింది. 1988లో స్టుట్‌గార్ట్ నగరం ఆ నిర్బంధాన్ని ఎత్తేసింది. అయినా అలవాటు పోలేదు, కిరాయి కాగితాల్లోకి చేరింది. పట్నాల్లో చాలా ఇళ్లవాళ్లు ఇప్పుడు డబ్బులిచ్చి కంపెనీలతో ఊడ్పించుకుంటున్నారు. పల్లెల్లో మాత్రం పలక తిరుగుతూనే ఉంది. ఇది నచ్చనివాళ్లూ ఉన్నారు. కిటికీ పరదా పక్కకు జరిపి, ఎవరు ఎట్లా ఊడుస్తున్నారో చూసే కళ్లు ప్రతి వీధిలో ఉంటాయని కుర్రవాళ్లు విసుక్కుంటారు. ఆ విసుగులో న్యాయం ఉంది. పాతతరం ఇళ్లలో పలక పేరుకు ఇంటిదైనా, చీపురు మాత్రం ఎక్కువగా ఆడవాళ్ల చేతిలోనే ఉండేదన్నదీ నిజమే. కానీ పలక మీద ఆడ, మగ అని ఉండదు. సారు, డ్రైవరు అని ఉండదు. ఆ చిన్న ఖాళీలోనే, ఒక తరం గడిచేసరికి, మగవాళ్లు కూడా చీపురు పట్టుకొని బయటికొచ్చారు.

చలికాలంలో ఇదే పని బరువెక్కుతుంది. రాత్రంతా మంచు కురిస్తే, పనిదినాల్లో చాలా ఊళ్లలో ఉదయం 7లోపు ఇంటి ముందు బాట తీసి ఉంచాలి. ఎవరైనా జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే బాధ్యత ఆ ఇంటివాళ్లది. చాలాచోట్ల ఉప్పు చల్లనివ్వరు, చెట్లకు, నేలకు చేటని. సన్నకంకర చల్లాలి. ఎండలొచ్చాక ఆ కంకరంతా మళ్లీ మనమే ఊడ్చి ఎత్తాలి. చీకట్లో, చేతులు కొంకర్లు పోతుండగా పార పట్టుకొని నిలబడ్డప్పుడు నాకు తెలంగాణలో మా ఊరు మర్కూక్‌లో మా అవ్వ, అంటే అమ్మ, గుర్తొస్తుంది. కోడి కూయకముందే లేచి, ఈతపొరకతో వాకిలంతా ఊకి, సాన్పు చల్లి, ముగ్గేసి, అప్పుడు గానీ పొయ్యి ముట్టించేది కాదు. జ్వరమొచ్చినా అంతే, పురుటి నీళ్లు పోసుకున్న కొద్ది రోజులకే అంతే. వారం మారినా, ఏడాది మారినా ఆ పొరక ఇంకో చేతికి పోలేదు. ఇంటికి కోడలొచ్చింది, అప్పుడు పోయింది.

బాపు, అంటే మా నాన్న, ఒకసారి ఎండాకాలంలో ఇక్కడికొచ్చి మాతో ఉన్నాడు. రైతు కదా, ముందు నీళ్ల గురించే అడిగాడు. ఇంత గుట్ట మీద చెరువు లేదు, వాగు లేదు, నల్లాలో ఈ నీళ్లెట్లా వస్తున్నాయని. ఆల్బ్ నేల సున్నపురాయి, పడ్డ వాన పడ్డట్టే లోపలికి ఇంకిపోతుంది. ఒకప్పుడు ఇక్కడివాళ్లు ఇంటి కప్పు మీంచి కారిన నీళ్లు, ఊరి మడుగులో పశువులు తాగగా మిగిలిన నీళ్లు తాగి బతికారు. కార్ల్ ఎహ్‌మాన్ అనే ఇంజనీరు లోయలోని నీటిని పంపులతో గుట్టెక్కించాడు. 1871లో యుస్టింగెన్ అనే ఊళ్లో మొదటిసారి నీళ్లు దుమికాయి. ఆ తర్వాత ఊళ్లు గుంపులు గుంపులుగా కలిసి ఖర్చు పంచుకొని గొట్టాలు వేయించుకున్నాయి. బాపుకు ఇది నేను విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. మేడిగడ్డ దగ్గర 100 మీటర్ల ఎత్తులో ఉండే గోదావరిని మెట్టుమెట్టుగా ఎత్తి, మర్కూక్ పంప్‌హౌస్ నుంచి 618 మీటర్ల మీదున్న కొండపోచమ్మ సాగర్‌లోకి పోసిన 2020 మే 29న ఆయన కట్ట మీదే ఉన్నాడు. ఆ జలాశయం కింద మునిగిన మామిడ్యాల, బైలంపూర్, తానేదార్‌పల్లిల్లో మాకు చుట్టాలుండేవాళ్లు. అందుకే నీళ్ల సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతులో సంబరం ఒక్కటే ఉండదు.

ఆయనకు అంతుపట్టనిది వేరే ఉంది. కిటికీ దగ్గర కూర్చొని కింద ఊడుస్తున్న ముసలాయన్ని చూశాడు.

“ఆయన ఏం పని చేస్తడు?”

“పని లేదు బాపూ, రిటైరైండు. బడిల హెడ్మాస్టరు.”

“హెడ్మాస్టరు సారు వాకిలి ఊకుతుండా? ఇంట్ల ఆడోళ్లు లేరా?”

“ఉన్నరు. ఈ వారం ఆయన వంతు.”

బాపు చాలాసేపు ఆయన్నే చూశాడు. వంతు అంటే ఆయనకు తెలియనిది కాదు. మా బాయి ఉమ్మడి బాయి. అన్నదమ్ముల మధ్య మోట పూటల లెక్కన నడిచేది, కరెంటు మోటారు వచ్చాక గంటల లెక్కన. పావుగంట ఎక్కువ నడిపితే పంచాయితీ పెట్టేవాళ్లు. ఎండాకాలం నడిరాత్రి కరెంటు వచ్చినా, తన వంతని లేచి పొలానికి పోయిన మనిషి ఆయన. మగవాళ్లు వంతును నిమిషాలతో సహా కొలవగలరు. కొలిచారు కూడా. పొరక విషయంలో మాత్రం ఎవరికీ ఆ లెక్క గుర్తుకు రాలేదు.

ఇంకో వంతు కూడా ఉండేది మా తెలంగాణ ఊళ్లలో. దొర గడీ ముందు ఊడ్చే పని, కట్టెలు కొట్టే పని, కబురు మోసే పని వెట్టి. మాల, మాదిగ వాడల నుంచి ఇంటికొక మనిషి పోవాల్సిందే. ఆ వంతు వాడంతా తిరిగేది, గడీ గడప దగ్గర ఆగిపోయేది. గడీలు కూలాయి, వెట్టి పోయింది. కానీ ఈనాటికీ మన పంచాయతీల్లో మోరీ తీసేది, వీధి ఊడ్చేది ఎవరింటి మనిషో ఊరివాళ్లు చూడకుండానే చెప్పగలరు. పల్లెప్రగతి పథకంలో ట్రాక్టర్లు వచ్చాయి, డంపింగ్ యార్డులు కట్టారు, తడి చెత్త పొడి చెత్త వేరు చేయడం సిద్దిపేట జిల్లాలో చాలామందికి అలవాటైంది. ఇవన్నీ మంచి పనులు, నాకు గర్వంగా ఉంటుంది. అయినా ట్రాక్టరు వెనక నిలబడే మనిషి మారలేదు. ఊరు శుభ్రంగా ఉండటం ఒకటి, ఊరు తనను తాను శుభ్రం చేసుకోవడం ఇంకొకటి. నేను అడుగుతున్నది రెండోది.

ఇక్కడ జర్మనీ పల్లెల్లో వంతు ఒక్క చీపురుతో ఆగదు. చాలా ఊళ్లలో ఇప్పటికీ ఉమ్మడి రొట్టెల పొయ్యి ఉంది. ఒకరి వెనక ఒకరు కాల్చుకుంటే పొయ్యి ఆరదు, కట్టెలు కలిసొస్తాయి. నిప్పంటుకుంటే పరుగెత్తేది ఊరివాళ్లే. దేశం మొత్తం మీద దాదాపు 10 లక్షల మంది జీతం లేకుండా ఫైర్ సర్వీసులో పనిచేస్తారు. మా లారీ ఆయన వాళ్లలో ఒకడు.

పోయినసారి మర్కూక్ వెళ్లినప్పుడు తెల్లారకముందే లేచి పొరక అందుకున్నాను. అవ్వ చూసి పరుగెత్తుకొచ్చింది.

“మొగపిలగానివి, నువ్వు ఊకుడేంది బిడ్డా? నలుగురు జూస్తే ఏమంటరు?”

“అక్కడ ఊకుతున్న గద అవ్వా.”

“అక్కడ ఎవరు జూస్తరు?”

అక్కడ అందరూ చూస్తారని చెప్పాను. అవ్వ వినలేదు, పొరక గుంజుకుంది. అప్పుడు కలగజేసుకుంది బాపే. గోడకు ఆనుకొని కూర్చున్నవాడు, హెడ్మాస్టరు సంగతి అవ్వకు, తమ్ముడికి, మరదలికి చెప్పాడు. అంతా విని మా మరదలు లోపలికి పోయి, పాత క్యాలెండరు అట్ట ముక్కకు తాడు కట్టి పట్టుకొచ్చింది. ఆదివారం, బుధవారం తమ్ముడివని దాని మీద రాసి దర్వాజకు వేలాడదీసింది. అవ్వ ఆ పొద్దంతా ఆమెతో మాట్లాడలేదు.

మొన్న ఫోన్ చేస్తే మరదలే ఎత్తింది. “బావా, మీ తమ్ముడు యాపచెట్టు మూల ఇడిశిపెడుతుండు. ఆకులన్నీ ఆడ్నే ఉంటున్నయ్. అత్తమ్మ పోయి ఊకవోతే మామయ్య వద్దన్నడు. నేను గూడ ఊక. ఆయన పొద్దే గద, ఆయననే ఊకనీ.”

ఫోన్ తమ్ముడికి ఇమ్మన్నాను. పొలం కాడికి పోయిండని చెప్పింది.