ఈతచెట్టు మీద గీత

ఎడారి ఊటకు ఖర్జూరం ఎలాగో, మన స్వర్ణముఖి నది చుట్టుపక్కల వంకగట్లకు ఈతచెట్టు అలాగ. రెండూ దగ్గరి చుట్టాలే. ఈ ఈతవనాలను నిలబెట్టే చేతుల్లో గీత కార్మికుడిదే ముందు. సాక్ష్యం చెట్టు మీదే ఉంది. ఒక ఏడు ఒకవైపు, మరుసటి ఏడు ఎదురువైపు చెక్కుతాడు. మాను మెట్లుమెట్లుగా వంకరలు తిరుగుతుంది. గంట్లు లెక్కపెడితే ఎన్నేళ్లు గీశారో తెలిసిపోతుంది.

గీత చెట్టును చంపుతుందంటారు. మొవ్వ తగిలేంత లోతుగా చెక్కితే నిజమే. అందుకే నేర్పరి పలుచగా చెక్కి, గాయం ఆరనిచ్చి మళ్లీ గీస్తాడు. అంతా మత్తుకోసమేగా అంటారు ఇంకొందరు. సున్నం పూసిన ముంతలో పట్టి తెల్లవారకముందే దించిన నీరా తియ్యగా ఉంటుంది, పులిస్తేనే కల్లు. చెట్టుతో బతికేవాడికే చెట్టు నిలవాలన్న పట్టింపు. ఆ నేర్పు పోతే వంకగట్టు తన కాపలాదారుణ్ణి పోగొట్టుకుంటుంది.