తీగ మీద అంచె

టెలిగ్రాఫ్ చరిత్ర రాసినవారు మోర్స్ కీకీ, చుక్కలూ గీతలతో కూడిన సంకేత లిపికీ ఇచ్చినంత చోటు రిలేకు ఇవ్వలేదు. కీ లేకపోయినా రెండు తీగ కొసలను చేత్తో తాకించి వార్త పంపవచ్చు, ఆ లిపి కాకపోతే మరొక లిపి కల్పించుకోవచ్చు. రిలే లేనిదే మాత్రం వందల మైళ్ల అవతల ఒక్క చుక్కను కాగితం మీద నమోదు చేసేంత బలం ఆనాటి తీగల్లో మిగిలేది కాదు. రిలే అన్నది ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. దూర ప్రయాణంలో అలసిన గుర్రాలను విడిచి కొత్తవాటిని పూన్చే ఏర్పాటుకు ఆ పేరు. తెలుగులో దానికి సరిగ్గా సరిపోయే మాట అంచె. అంచె తపాలా, అంచెలంచెలుగా అన్న వాడుకల్లో ఉన్నది అదే. పోలిక మాత్రం కొంతవరకే నిలుస్తుంది. అంచెలో గుర్రం మారినా ఉత్తరాల సంచి అదే ముందుకు పోతుంది. విద్యుత్ రిలేలో వచ్చిన ప్రవాహం అక్కడితో తన పని ముగించుకుంటుంది. అది ఎప్పుడు సాగింది, ఎప్పుడు ఆగింది అన్న తీరును మాత్రం పుణికిపుచ్చుకుని, అక్కడి బ్యాటరీ నుంచి వేరే ప్రవాహం బయలుదేరుతుంది.

ఈ ఏర్పాటు ఎందుకు అవసరమైందో తెలియాలంటే తీగలో ప్రవాహం నీరసించే రెండు దారులను చూడాలి. మొదటిది తీగ నిరోధం, అంటే ప్రవాహాన్ని లోహమే అడ్డుకునే గుణం. తీగ పొడవు రెట్టింపైతే నిరోధమూ రెట్టింపవుతుంది. రెండోది లీకేజీ. ప్రతి స్తంభం దగ్గరా పింగాణీ బంధకం తీగను నేలకు అంటకుండా కాపాడుతున్నా, తడిసిన బంధకం పైపొర గుండా కొద్దికొద్దిగా విద్యుత్తు నేలలోకి జారిపోతూనే ఉంటుంది; వేల స్తంభాలు దాటేసరికి ఆ చిల్లర నష్టాలన్నీ కలిసి పెద్ద మొత్తమవుతాయి. బ్యాటరీలు పెంచితే మొదటి నష్టాన్ని కొంత పూడ్చవచ్చు గాని, తీగలో ఒత్తిడి పెరిగినకొద్దీ లీకేజీ కూడా పెరుగుతుంది. భారతదేశంలో తొలి తంతి మార్గాలు వేసిన విలియం ఒషానెస్సీ సన్నని తీగకు బదులు లావైన ఇనుప కడ్డీని వాడి నిరోధాన్ని తగ్గించుకున్నాడు. నేరుగా చేరలేని దూరాలకు మధ్య స్టేషన్లలో సిగ్నలర్ ఒకడు వార్తను అందుకుని, రాసుకుని, మళ్లీ ముందుకు కొట్టవలసి వచ్చేది. ఆ పద్ధతిలో అంచె అంటే మనిషే. చేయి మారిన ప్రతిచోటా ఆలస్యానికీ అక్షరదోషానికీ తావు ఉండేది.

రిలేకు మూలమైన విద్యుదయస్కాంతాన్ని 1825లో ఇంగ్లండులో విలియం స్టర్జన్ తయారుచేశాడు. లాడం ఆకారంలో వంచిన మెత్తని ఇనుప కడ్డీకి లక్క పూసి, దాని మీద బోడి రాగితీగను ఎడం ఎడంగా చుట్టాడు. సుమారు 200 గ్రాముల ఆ ఇనుము నాలుగు కిలోల బరువు ఎత్తింది. అమెరికాలోని ఆల్బనీలో పాఠాలు చెప్పే జోసెఫ్ హెన్రీ తీగకే పట్టు చుట్టి, పొరల మీద పొరలుగా వందల చుట్లు వేశాడు. 1831లో అతడు ప్రకటించిన ఫలితాల్లో బరువులు ఎత్తిన లెక్కల కన్నా విలువైన విషయం మరొకటి ఉంది. సన్నని పొడవాటి తీగను అనేక చుట్లు చుట్టిన అయస్కాంతానికి, వరుసగా కలిపిన అనేక సెల్స్ తోడైతే, దూరపు తీగ చివర కూడా అది పనిచేస్తుంది. లావు తీగను కొద్ది చుట్లు చుట్టిన అయస్కాంతం దగ్గరి బ్యాటరీతో పెద్ద బరువు ఎత్తుతుంది గాని దూరానికి పనికిరాదు. మొదటిది వినగలదు, రెండోది మోయగలదు. 1830ల మధ్య ప్రిన్‌స్టన్‌లో హెన్రీ ఈ రెంటినీ జతచేసి, వినే అయస్కాంతం కదలికతో మోసే అయస్కాంతపు వలయాన్ని తెంచి బరువును కిందపడేలా చేసి విద్యార్థులకు చూపాడు. రిలే తత్త్వమంతా ఆ తరగతి గదిలో ఉంది.

శామ్యూల్ మోర్స్ తన యంత్రాన్ని మొదట ఒక్క సెల్‌తో, కొద్ది చుట్ల అయస్కాంతంతో నడపబోయి కొన్ని అడుగుల దూరం దాటించలేకపోయాడు. న్యూయార్క్‌లో అతని సహోద్యోగి, రసాయనశాస్త్ర ఆచార్యుడు లియొనార్డ్ గేల్, హెన్రీ వ్యాసం చదివినవాడు కావడంతో సెల్స్, చుట్లు పెంచమని చెప్పాడు. ఆ తరువాతే గేల్ ఉపన్యాస మందిరంలో చుట్టలుగా పేర్చిన పది మైళ్ల తీగ గుండా సంకేతాలు వెళ్లాయి. అదే కాలంలో ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్ గంట మోగించడానికి ఇటువంటి జంట వలయాన్ని వాడగా, ఎడ్వర్డ్ డేవీ 1838 నాటి పేటెంటులో ప్రవాహాన్ని మధ్యమధ్య కొత్తగా పుట్టించే పద్ధతిని వివరించాడు. 1844 మే 24న వాషింగ్టన్, బాల్టిమోర్ నగరాల మధ్య మోర్స్ మార్గం ప్రారంభమైంది. హెన్రీ దేనికీ పేటెంటు తీసుకోలేదు. మోర్స్ పక్షం తరువాతి కాలంలో హెన్రీ సాయాన్ని తక్కువ చేసి చెప్పడం, ఆయన కోర్టులో సాక్ష్యం ఇవ్వవలసి రావడం, 1854లో అమెరికా సుప్రీంకోర్టు మోర్స్ పేటెంటులో చాలా భాగాన్ని నిలబెడుతూనే, విద్యుదయస్కాంత శక్తితో దూరాన అక్షరాలు ముద్రించే పద్ధతులన్నీ తనవేనన్న విస్తృతమైన హక్కును కొట్టివేయడం, ఇవన్నీ చరిత్రకెక్కిన విషయాలు. పనికొచ్చే యంత్రాన్ని కూర్చి, ఊళ్ల మధ్య నిలబెట్టిన శ్రమ మోర్స్‌దీ అతని బృందానిదీ అన్నది నిజమే. తీగ దూరం దాటడానికి ఆధారమైన జ్ఞానం మాత్రం హెన్రీది, ఆ రుణాన్ని ఒప్పుకోకపోవడం అన్యాయమే.

తంతి కార్యాలయాల్లో స్థిరపడిన రిలే చూడడానికి సాదాసీదా వస్తువు. రెండు తీగచుట్టలు, వాటి ఎదుట ఇరుసు మీద ఊగే మెత్తని ఇనుప పలక, దాన్ని వెనక్కి లాగే సన్నని స్ప్రింగు, పలక చివర ఒక ప్లాటినం మొన, దానికి ఎదురుగా మరొక ప్లాటినం మొన. ఆ పలకనే ఆర్మేచర్ అంటారు. తీగలో ప్రవాహం వచ్చినప్పుడు ఆర్మేచర్ ముందుకు కదిలి మొనలు తాకుతాయి, స్థానిక బ్యాటరీ వలయం పూర్తవుతుంది, ఆ వలయంలోని సౌండర్ అనే ఇత్తడి పరికరం టక్కుమని మోగుతుంది. అమెరికా కార్యాలయాల్లో రిలే చుట్టల నిరోధం సాధారణంగా 150 ఓములు, సౌండరుది 4 ఓములు. హెన్రీ చెప్పిన వినే అయస్కాంతానికీ మోసే అయస్కాంతానికీ గల తేడా ఈ రెండు అంకెల్లో ఇమిడి ఉంది. మొనలకు ప్లాటినమే ఎందుకంటే, వలయం తెగిన ప్రతిసారీ పుట్టే నిప్పురవ్వకు ఇతర లోహాలు త్వరగా మసిబారి, తుప్పుపట్టి, తాకినా ప్రవాహాన్ని పోనివ్వకుండా తయారవుతాయి.

రిలేను మెరుగుపరచడం అంటే అయస్కాంతాన్ని మరింత బలంగా చేయడమని అనుకోవడం సహజం, కాని సిగ్నలర్లకు నిత్యం ఎదురైన చిక్కు బలానికి సంబంధించినది కాదు. అమెరికా పద్ధతిలో ఎవరూ వార్త పంపనప్పుడు కూడా తీగలో ప్రవాహం సాగుతూ ఉంటుంది. పంపేవాడు కీతో దాన్ని ఆపుతూ, విడుస్తూ సంకేతాలు చేస్తాడు. ఎండరోజున ప్రవాహం సాగినప్పుడు పది పాళ్లు, ఆగినప్పుడు సున్నా అనుకుంటే, ఆర్మేచర్‌కు ఆ తేడాను గుర్తించడం కష్టం కాదు. వానరోజున దూరాన ఉన్నవాడు కీ ఎత్తినా, దగ్గరి బ్యాటరీ ప్రవాహం తడిసిన స్తంభాల గుండా నేలకు దారి వెతుక్కుంటుంది గనుక అయస్కాంతం పూర్తిగా నిద్రపోదు; సాగినప్పుడు పన్నెండు, ఆగినప్పుడు పది అన్నంత దగ్గరకు ఆ రెండూ వస్తాయి. అప్పుడు ఆర్మేచర్ అతుక్కునే ఉండిపోతుంది, తీగ మూగబోయినట్టు కనిపిస్తుంది. సిగ్నలర్ మర తిప్పి అయస్కాంతాన్ని కొంత వెనక్కి జరిపి, స్ప్రింగును పది కన్నా బలంగా, పన్నెండు కన్నా తక్కువగా లాగేటట్టు బిగించి, చెవి ఒగ్గి వినాలి. మధ్యలో వాన తగ్గితే మళ్లీ సడలించాలి. అవతలి ఊళ్లన్నీ ఒకే దూరంలో ఉండవు కాబట్టి ఒక ఊరికి సరిపోయిన బిగింపు మరొక ఊరికి సరిపోదు. నిశ్శబ్దంగా ఉందనుకుని కీ తెరిచిన సిగ్నలర్, తనకు వినపడకుండా సాగుతున్న ఇంకొకరి వార్తను తెగగొట్టే ప్రమాదమూ ఉండేది. అందువల్ల కీ ముట్టుకునే ముందు మర తిప్పి తీగను వెతకడం వృత్తి మర్యాదగా నిలిచింది. పుస్తకంలో నాలుగు వాక్యాల్లో ఒదిగే ఈ పనికి వేళ్ల కొసల్లో నేర్పు కావాలి. ఋతుపవనాల దేశంలో బంధకాల నాణ్యతను నిరంతరం కొలిచే పద్ధతి ఎంత అవసరమో గుర్తించిన లూయీ ష్వెండ్లర్, భారత తంతి శాఖ కోసం తీగల పరీక్షలపై రాసిన గ్రంథం ఈ కష్టంలోంచి పుట్టినదే.

స్ప్రింగు మీద ఇంతగా ఆధారపడవలసి రావడానికి కారణం లెక్కలో ఉంది. మామూలు రిలేలో అయస్కాంతపు ఆకర్షణ ప్రవాహపు వర్గాన్ని అనుసరిస్తుంది: ప్రవాహం సగమైతే లాగుడు నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా వర్గానికి ధన ఋణ భేదం లేదు కనుక, ప్రవాహం ఏ దిక్కుగా వచ్చినా ఆర్మేచర్ ఒకే విధంగా కదులుతుంది. ఈ రెండు లోపాలనూ ధ్రువిత రిలే తీర్చింది. 19వ శతాబ్దం మధ్యకాలంలో దీన్ని తీర్చిదిద్దినవారిలో జర్మనీకి చెందిన వెర్నర్ సీమెన్స్ ముఖ్యుడు. ఇందులో ఒక శాశ్వత అయస్కాంతం ఇనుప నాలుకను ఒక ధ్రువంగా, దానికి అటూ ఇటూ ఉన్న రెండు చుట్టల కొసలను రెండో ధ్రువంగా చేసి ఉంచుతుంది. రెండు వైపులా సమానంగా లాగబడుతూ నాలుక తక్కెడ ముల్లులా నిలుస్తుంది. తీగలో వచ్చిన చిన్న ప్రవాహం ఒక కొస బలాన్ని పెంచి మరొక కొస బలాన్ని తగ్గిస్తుంది, నాలుక బలమైన వైపు ఒరుగుతుంది. శాశ్వత అయస్కాంత బలం ప, తీగ తెచ్చిన బలం చ అనుకుంటే, రెండు వైపుల లాగుడుల మధ్య తేడా (ప+చ) వర్గం నుంచి (ప−చ) వర్గం తీసివేయగా వచ్చే 4పచ. అంటే లాగుడు ఇప్పుడు చ వర్గాన్ని కాక చ నే అనుసరిస్తుంది. ప్రవాహం సగమైతే లాగుడూ సగమే తగ్గుతుంది. చ దిక్కు మారితే నాలుక దిక్కూ మారుతుంది. పెద్ద సంఖ్య అయిన ప తో హెచ్చవడం వల్ల అల్పమైన చ కూడా పనిచేయగలుగుతుంది. పాఠశాల బీజగణితంలో పిల్లలు వల్లె వేసే సూత్రం ఒక యంత్రం రూపం ధరించడానికి ఇంతకన్నా అందమైన ఉదాహరణ దొరకడం కష్టం.

దిక్కును గుర్తించే రిలే చేతికి రావడంతో ఒకే తీగ మీద అనేక వార్తలు పంపే మార్గం విశాలమైంది. తీగ రెండు చివరల నుంచీ ఒకేసారి వార్తలు పంపే ద్విముఖ పద్ధతిని 1853లో వియన్నాలో గింటల్ మొదలుపెట్టగా, దాన్ని 1872 నాటికి జోసెఫ్ స్టెర్న్స్ అమెరికాలో ఆచరణకు తెచ్చాడు. 1874లో థామస్ ఎడిసన్ రూపొందించిన క్వాడ్రూప్లెక్స్‌లో ఒకే తీగ మీద అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు వార్తలు ఒకేసారి నడిచాయి. ఒక కీ ప్రవాహపు దిక్కును మారుస్తుంది, ఆ మార్పును ధ్రువిత రిలే మాత్రమే వింటుంది. రెండో కీ ప్రవాహపు పరిమాణాన్ని మారుస్తుంది, దాన్ని మామూలు రిలే వింటుంది. పైన లోపంగా చెప్పిన దిక్కు తెలియనితనమే ఇక్కడ గుణమైంది. అయితే దిక్కు మారే క్షణంలో ప్రవాహం సున్నాను దాటవలసి ఉండడంతో మామూలు రిలే ఒక్క లిప్తపాటు పట్టు వదిలి తప్పుడు శబ్దం చేసేది. దాన్ని మింగేయడానికి చేసిన ఏర్పాటును బగ్ ట్రాప్ అన్నారు. హైదరాబాద్ ఐటీ కార్యాలయాల్లో లోపమన్న అర్థంలో రోజూ వినిపించే బగ్ అన్న మాట, 1947లో హార్వర్డ్ కంప్యూటరు రిలేలో చిక్కిన పురుగు కన్నా చాలా ముందే తంతి పనివారి నోళ్లలో ఉండేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

వేగం విషయంలోనూ చిన్న మార్పులే పెద్ద ఫలితాలిచ్చాయి. చుట్లు ఎక్కువైనకొద్దీ స్వయంప్రేరణ, అంటే ప్రవాహంలో మార్పును చుట్ట తానే ఎదిరించే గుణం, చుట్ల సంఖ్య వర్గాన్నిబట్టి పెరిగి రిలేను మందకొడిగా చేస్తుంది. 75 ఓముల రెండు చుట్టలను వరుసగా కలిపితే 150 ఓములు. వాటినే పక్కపక్కగా కలిపితే నిరోధం 37.5 ఓములకు, స్వయంప్రేరణ నాలుగో వంతుకు దిగుతాయి. మొత్తం నిరోధంలో తీగ వాటాయే ఎక్కువ కాబట్టి సంకేతం చాలా త్వరగా నిలదొక్కుకుంటుంది. ఇనుమును బాగా కాల్చి నెమ్మదిగా చల్లార్చి మెత్తబరచడం, ఆర్మేచర్ అయస్కాంతపు కొసను ఎప్పుడూ తాకకుండా వెంట్రుకవాసి ఎడం ఉంచడం, ఇవి ప్రవాహం పోయినా ఇనుములో మిగిలే అయస్కాంతత్వం పలకను పట్టి ఉంచకుండా చేసిన జాగ్రత్తలు.

తంతి కార్యాలయాలను దాటి రిలే వేరే పనులకూ ఉపయోగపడింది. 1937లో క్లాడ్ షానన్ తన పరిశోధనా వ్యాసంలో రిలే వలయాలకూ తర్క గణితానికీ గల సంబంధాన్ని నిరూపించాడు. 1941లో కాన్రాడ్ జూసే జర్మనీలో సుమారు 2,600 రిలేలతో పనిచేసే కంప్యూటరును నిర్మించాడు. భారతదేశంలో టెలిగ్రామ్ సేవ 2013 జూలైలో ముగిసింది. రైల్వే సిగ్నల్ కేబిన్లలో మాత్రం రిలేలు ఇంకా పనిచేస్తున్నాయి. అక్కడి రిలేలో ఆర్మేచర్‌ను వెనక్కి లాగే పనిని స్ప్రింగుకు వదలకుండా దాని సొంత బరువుకు అప్పగించారు. తీగ తెగినా, బ్యాటరీ పోయినా ఆ పలక కిందికి పడుతుంది, సిగ్నల్ ఎర్రదీపానికి మారుతుంది.