వార్తను పట్టి చూసే పద్ధతి

సోషల్ మీడియాలో తెలుగు రాజకీయ చర్చ చాలావరకు మీడియా మీద చర్చే. నాయకుడి ప్రసంగంతో మొదలైన వాదన నాలుగు కామెంట్లు దాటేసరికి దాన్ని ఏ పత్రిక ఎలా రాసింది, ఏ చానల్ ఏ ముక్క కోసి చూపింది అన్న దగ్గరికి చేరుతుంది. ఈ అలవాటు ఫేస్‌బుక్ కంటే పాతది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే ‘ఆ రెండు పత్రికలు’ అంటూ ఈనాడు, ఆంధ్రజ్యోతిలను సభల్లో తప్పుపట్టేవారు. 2008లో ఆయన కుమారుడు జగన్‌మోహన్ రెడ్డి ఆధ్వర్యంలో సాక్షి వచ్చింది. తెలంగాణ ఉద్యమకాలంలో, 2011లో నమస్తే తెలంగాణ మొదలైంది. ఇప్పుడు ‘పచ్చ’, ‘నీలి’, ‘గులాబీ’ అని పార్టీ రంగు పూయకుండా మీడియా మాట ఎత్తేవాళ్లు తక్కువ.

యాజమాన్యం ఎవరిదని అడగడం సబబే. పత్రిక ఎవరిదో తెలిస్తే వార్తను ఎక్కడ అనుమానించాలో తెలుస్తుంది. అంతమాత్రాన ఆ వార్త అబద్ధమని తేలదు. అది తేల్చాలంటే వార్తనే చదవాలి.

మొదట క్లిప్పింగ్ అసలుదో కాదో చూడాలి. పత్రికల అక్షరాలు, లోగోలు అతికించిన నకిలీ కటింగులు ఎన్నికల రోజుల్లో వాట్సాప్ నిండా తిరుగుతాయి. తేదీ, ఎడిషన్, పేజీ తెలిస్తే ఈ-పేపర్‌లో చూసి నిర్ధారించుకోవచ్చు. ఈ మూడూ లేని కటింగ్‌ను పంచుకోకపోవడమే మంచిది.

తర్వాతిది పోల్చడం. యూరియా కోసం సహకార సంఘం ముందు రైతులు బారులు తీరిన రోజును తీసుకుంటే, ఒక పత్రిక క్యూలో పెట్టిన చెప్పుల ఫొటోతో మొదటి పేజీ నింపుతుంది. మరో పత్రిక ‘కొరత లేదు: మంత్రి’ అని లోపలి పేజీలో సింగిల్ కాలమ్ ఇస్తుంది. రెండింటిలోనూ అబద్ధం ఉండకపోవచ్చు. చూడాల్సింది ఆ ఊరికి ఎన్ని బస్తాలు వచ్చాయో, ఎందరు రైతులు నిలబడ్డారో ఎవరు రాశారన్నది. రైతుతోపాటు సంఘం కార్యదర్శిని, వ్యవసాయాధికారిని ఎవరు అడిగారన్నది. ఫొటో ఆ రోజుదేనా అన్నది. అదే పత్రిక జిల్లా పేజీలో బారుల వార్త, మెయిన్ ఎడిషన్‌లో మంత్రి ప్రకటన కనిపిస్తే, విలేకరి వార్త పంపాడని, దాని స్థానాన్ని ఎడిటింగ్ డెస్క్ నిర్ణయించిందని అర్థం. శీర్షిక పెట్టేది కూడా సాధారణంగా డెస్కే. అయినా తిట్లు తినేది పేరు కనిపించిన విలేకరి. అన్నిటికంటే గట్టి పరీక్ష మరొకటి ఉంది: వేరే పార్టీ అధికారంలో ఉన్నప్పుడు ఇలాంటి బారులనే ఆ పత్రిక ఎలా రాసిందో పాత సంచికలు తీసి చూడటం.

పోల్చి చదవడం వల్ల పెద్ద విషయాలే బయటపడ్డాయి. 2009 మహారాష్ట్ర శాసనసభ ఎన్నికలప్పుడు ఒకదానికొకటి పోటీ అయిన పత్రికల్లో ఒకే కథనం అక్షరం పొల్లుపోకుండా వచ్చిందని పి. సాయినాథ్ ‘ది హిందూ’లో బయటపెట్టారు. డబ్బు తీసుకుని వార్తల్లా అచ్చేసే ఇలాంటి ‘చెల్లింపు వార్తల’పై ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి ఉన్నారు. 2010లో కౌన్సిల్ కుదించిన నివేదికనే విడుదల చేసింది. పూర్తి పాఠం కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం తర్వాత 2011లో గానీ వెలుగు చూడలేదు.

విమర్శకుడికి చట్టం ఇచ్చే రక్షణ కొంతే. ఆన్‌లైన్ వ్యాఖ్యలపై కేసులకు వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. పరువునష్టం మాత్రం ఇప్పటికీ నేరమే. అందుకే ‘అమ్ముడుపోయారు’ అనే మాట కంటే ‘ఈ వార్తలో అధికారి వివరణ లేదు’ అనే మాట నిలుస్తుంది.

పత్రికల మీద ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు కూడా చేయవచ్చు. ముందు సంపాదకుడికి రాయాలి. దినపత్రిక విషయంలో వార్త వచ్చిన రెండు నెలల్లోగా కౌన్సిల్‌కు వెళ్లాలి. కౌన్సిల్ మందలించగలదు, అభిశంసించగలదు, జరిమానా వేయలేదు. టీవీ, యూట్యూబ్ చానళ్లు దాని పరిధిలోకి రావు. ఫిర్యాదుకు కావాల్సినవి క్లిప్పింగ్, తేదీ, అందులో తప్పేమిటో చెప్పే వివరణ. ఇవే ఉన్న సోషల్ మీడియా పోస్టును ఎదుటి పార్టీవాళ్లు కూడా తేలిగ్గా కొట్టిపారేయలేరు.