పాతదైతే చాలా?

న్యూజీలాండ్ మూలవాసులైన మావోరీల కొయ్య చెక్కడం చేతికొస్తే సేకర్తలు ముందు చూసేది దాని వయసు. గాట్లు రాతి ఉలివా, ఇనప ఉలివా? చేతులు తగిలి అరిగిందా? తెల్లవాళ్ల ఓడలు రాకముందుదైతే విలువ, తర్వాతిదైతే చులకన. ఈ కొలతే తప్పని నా వాదన. నకిలీలను పెంచి పోషించిందీ ఇదే. 20వ శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లండులోని టోర్కీలో పాత వస్తువులు అమ్మిన జేమ్స్ ఎడ్వర్డ్ లిటిల్ సరిగ్గా ఆ కొలతకు తగ్గట్టే చెక్కాడు. అసలైనవి అతని చేతుల మీదుగానే పోతుండేవి. వాటిని చూసి కొత్తవి చేసి, పాతబడినట్టు తీర్చి అమ్మాడు. పేరున్న సేకర్తలే కొన్నారు. పచ్చరాయి సంగతి మరీ విచిత్రం. న్యూజీలాండ్ రాయి జర్మనీలోని ఇడార్ ఒబెర్‌స్టైన్ చేరి, అక్కడ సానబట్టేవాళ్ల చేతుల్లో హేటికి అనే, మెడలో వేసుకునే బొమ్మలైంది. రాయి అసలుదే, రూపమూ అసలుదే. కానీ మావోరీ ఇళ్లలో హేటికి తరతరాలుగా మెడ నుంచి మెడకు దిగుతూ, పోయినవాళ్ల జ్ఞాపకాన్ని మోస్తుంది. జర్మనీలో చేసినదాని వెనక ఎవరూ లేరు. గిరాకీ ఇంతకంటే ఘోరాలూ చేయించింది. యూరోపియన్లు పచ్చబొట్లున్న మావోరీ తలలు కొంటున్నారని, తుపాకుల కోసం బందీలను చంపి తలలు అమ్మిన రోజులున్నాయి. 1831లో న్యూ సౌత్ వేల్స్ గవర్నర్ డార్లింగ్ ఆ వ్యాపారాన్ని నిషేధించాల్సి వచ్చింది.

అయితే అసలుది ఏది? మావోరీ శిల్పి టెనె వైటెరె ఇనప ఉలితోనే చెక్కాడు. రోటొరువా దగ్గర ఒక హోటల్ నిర్వాహకుడి కోసం తోటి శిల్పులతో కలిసి రౌరు అనే సభాగృహాన్ని చెక్కాడు. అదిప్పుడు హాంబర్గ్ మ్యూజియంలో ఉంది. వయసు లెక్కన అది టూరిస్టు సరుకే. నా లెక్కన అసలైనది, ఎందుకంటే తానెవరి పూర్వీకులను చెక్కుతున్నాడో అతనికి తెలుసు, తప్పు చేస్తే నిలదీసే తెగ ఉంది. పుట్టుకను బట్టి కళను తూచడం సంకుచితం కాదా అని అడగవచ్చు. మావోరీ కానివాడు చెక్కకూడదని నేననడం లేదు. చెక్కి తన పేరు చెప్పుకోవాలి, అడిగితే జవాబివ్వాలి. లిటిల్‌ను అడిగేవాళ్లే లేరు, అతని తప్పు అక్కడ మొదలైంది.

సేకర్తలే లేకపోతే ఇవన్నీ నశించేవన్నది ఇంకో మాట. అందులో కొంత నిజముంది: ఓల్డ్‌మన్ అనే ఇంగ్లండు సేకర్త కూడబెట్టినవాటిని న్యూజీలాండ్ ప్రభుత్వమే 1948లో కొన్నది. కానీ మోటునుయి పలకలనే మావోరీ చెక్కడాలను తెగల యుద్ధాల కాలంలో బురదనేలలో పాతిపెట్టి కాపాడింది వాటి సొంత తెగవాళ్లే. 1970లలో బయటపడ్డాక వాటిని దొంగచాటుగా దేశం దాటించి జెనీవా సేకర్తకు అమ్మారు. లండన్ కోర్టుల్లో న్యూజీలాండ్ ఓడింది. పలకలు ఇల్లు చేరడానికి 2014 దాకా పట్టింది. ఏ మ్యూజియమైనా, ఏ కొనుగోలుదారైనా ముందు అడగాల్సింది ఇది ఎవరి చేతి పని, ఎవరి దగ్గర్నుంచి ఎలా వచ్చింది అన్నదే. వయసు ఆ తర్వాత చూసుకోవచ్చు. లిటిల్ చెక్కినవి బయటపడితే గోదాముల్లో దాచకుండా అతని పేరుతోనే ప్రదర్శనకు పెట్టాలి.